పళ్ళెంలో మొలక, పదునులో మొలక

అరుగు మీద రెండు స్టీలు పళ్ళేలు. రెండింట్లోనూ తడిగుడ్డ పరిచి రాగులు చల్లారు. నాలుగో రోజు పొద్దున చూస్తే ఎడమ పళ్ళెంలో గింజ గింజకూ తెల్లటి దారం లాంటి వేరు దిగి, అన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుని గుడ్డను పట్టేసుకున్నాయి. కుడి పళ్ళెంలో చాలా గింజలు నోరే తెరవలేదు. తెరిచినవాటి వేరు కొస కాలిన వత్తిలా ముదురు రంగుకు తిరిగి అక్కడే ఆగింది. ఎడమ పళ్ళేనికి పోసింది మంచినీళ్ళు. కుడిదానికి పోసింది వయ్యారిభామ ఆకును ఒక రోజు నానబెట్టి వడగట్టిన నీళ్ళు.

గుమ్మఘట్ట మండలంలో ఆ పల్లె వేదవతికి దూరమేమీ కాదు గానీ, భైరవానితిప్ప డ్యాము కాలువ దాని పొలాలకు అందదు. ఎర్రనేల, వాన మీదే సేద్యం. రాయదుర్గం నుంచి నేను మిత్రుణ్ణి చూడటానికి వెళ్ళాను. ఆయన రైతు. పళ్ళేలు పెట్టింది ఆయన చెల్లెలి కూతురు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. మామాకోడళ్ళ మధ్య రెండు రోజులుగా తగాదా. నిరుడు అదును తప్పి బీడుపడిన నాలుగెకరాల్లో వయ్యారిభామ నడుమెత్తు పెరిగి, ఈ ఎండలకు నిలువునా ఎండిపోయింది. మొదటి పదునుకు దాన్ని అట్లే కలియదున్ని శెనక్కాయ విత్తేస్తానని మామ. పీకి బయట వేశాకే గొర్రు కట్టమని కోడలు. పీకించాలంటే కూలి. కూలి డబ్బు దగ్గర మొదలైన మాట చాలా దూరం పోయింది. నాకు గుర్తున్నంతలో వాళ్ళ మాటల్లోనే రాస్తున్నాను.

కోడలు: ఇదిగో మామా, నీ చేలో జరగబోయేది ఇదే. ఎండిన వయ్యారిభామను దుక్కిలో కలిపేస్తే వాననీళ్ళు దాన్ని నానబెడతాయి. ఆ నీళ్ళే నీ విత్తనానికి మొదటి గుక్క.

మామ: పళ్ళెంలో సేను యాడుండాది మ్మీ? గుడ్డ మీద ఇత్తనం ఏసి, పైనుంచి ఇసం పోస్తే చావకేమైతాది? ఉప్పునీళ్ళు పోసినా చస్తాది. ఉప్పు మన సేన్లో కలుపా?

కోడలు: ఉప్పునీళ్ళ మాట నువ్వే ఎత్తావు, మంచిదే. మా గైడు కూడా మొదటిరోజు అదే అడిగారు. ఆకు నానిన నీళ్ళలో విషమొక్కటే దిగదు, చక్కెరలూ లవణాలూ దిగుతాయి. నీళ్ళు చిక్కబడితే గింజ వాటిని లోపలికి తాగలేదు, ఊరగాయ ముక్క నీరు వదిలినట్టు ఉన్న తడి కూడా వదులుతుంది. అప్పుడు మొలక రాకపోతే అది విషం పని కాదు, చిక్కదనం పని. అందుకే విషం లేకుండా అంతే చిక్కదనం ఉన్న నీళ్ళు ఇంకో పళ్ళెంలో పోసి పక్కన పెట్టాలి. పాలీఎథిలీన్ గ్లైకాల్ అని ఒక మందు ఉంది, దాంతో చేస్తారు. నేను మొదటిసారి ఆ పళ్ళెం పెట్టలేదు. తర్వాత పెట్టాను. అందులో మొలక కొంచెం ఆలస్యమైంది గానీ వేరు కొస ఇట్లా మాడలేదు.

మామ: ఎంత ఆకుకి ఎన్ని నీళ్ళు?

కోడలు: ఆకును నీడలో ఆరబెట్టి పొడి చేసి, పది గ్రాముల పొడిని వంద మిల్లీలీటర్ల నీళ్ళలో 24 గంటలు నానబెట్టి వడగడతాం. అది పది శాతం. దానికి నీళ్ళు కలిపి అయిదు శాతం, రెండున్నర శాతం చేస్తాం. ఒక్కో మోతాదుకు నాలుగేసి పళ్ళేలు. రోజూ మొలిచినవి లెక్కపెట్టి, చివర్న వేరు పొడవు, మొలక పొడవు కొలుస్తాం. మొలక శాతాన్ని ఆ రెండు పొడవుల మొత్తంతో గుణిస్తే సత్తువ సూచిక వస్తుంది. విత్తనం మొలిచిందా అన్నదొక్కటే కాదు, మొలిచింది నిలబడగలదా అని కూడా అది చెబుతుంది.

ఇక్కడ మామ ఒక పని చేశాడు. లోపలికి వెళ్ళి మనవడి పలకా బలపం తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు.

మామ: ఎకరా మీద ఒక అంగుళం వాన పడితే ఎన్ని లీటర్లు?

కోడలు: లక్ష లీటర్ల పైచిలుకు.

మామ: నీ పది శాతం అంటే లీటరుకు నూరు గ్రాములు. లక్ష లీటర్లకు... పది టన్నులు. పది టన్నుల ఎండుగడ్డి ఎకరాలో ఉంటే గదా మ్మీ నీ పళ్ళెంలో నీళ్ళు నా సేన్లో తయారయ్యేది? నాలుగెకరాలు కలిపి పీకినా నాకు పది టన్నులు రాదు. నీ చిన్న మోతాదు, రెండున్నర శాతం, దానికి కూడా ఎకరాకు రెండున్నర టన్నులు కావల్ల. మనకాడ ఒట్టి ఎర్రనేల, వాన లేని సేన్లో మొలిచిన గడ్డి. ఎకరాకు ఒక టన్ను అనుకో, దండిగా చెప్తాండా. ఒక శాతమైతాది నీ కషాయం. ఒక శాతం పోసి చూస్తివా?

కోడలు: చూశాను. దాచను. ఒక శాతంలో రాగి మొలక తగ్గలేదు. ఒక్కోసారి మంచినీళ్ళ కంటే వేరు కాస్త పొడవైంది కూడా. విషం కొద్దిగా తగిలితే మొక్క ఉలిక్కిపడి ఎదగడం చాలా చోట్ల చూశారు.

మామ: మరి ఇంకేముండాది వాదించేకి?

కోడలు: నీ లెక్కలో వాన ఎకరమంతా సమంగా పడింది, గడ్డీ సమంగా పరిచి ఉంది. నీ గుంటక అట్ల పరుస్తుందా? గడ్డి పళ్ళకు చుట్టుకుని ఒక చోట కుప్పగా దిగుతుంది, ఇంకో చోట అసలుండదు. కుప్ప పడిన చోట, ఆ జానెడు సాలులో, ఎకరాకు పది టన్నుల లెక్క దాటదని నువ్వు చెప్పగలవా? ఇంకోటి. అంగుళం వాన పడితే ఆకులో దిగేదంతా చివరిదాకా ఆగి దిగదు. మొదటి నాలుగు చినుకులకే ఎక్కువ భాగం దిగిపోతుంది. టీ ఆకుకు మొదటి మరుగులోనే రంగొచ్చినట్టు. మన వానలు అంగుళం దాకా పోయేదెన్ని? పావంగుళం పడి ఆగిపోయిన రోజు నీ పలక మీద లెక్క నాలుగింతలవుతుంది.

మామ పలక పక్కన పెట్టాడు. ఒప్పుకున్నందుకు కాదు, ఇంకో దారి వెతుక్కునేందుకు.

మామ: నేలుండాది. గుడ్డకు ప్రాణం లేదు, నేలకుండాది. మన్నులో పురుగూ పుట్రా, కంటికి కనిపించని సూక్ష్మజీవులూ, దేన్నైనా తినేస్తాయి. పెంట దిబ్బలో ఏసిన చచ్చిన పాము కూడా ఏడాదికి ఎరువైతాది.

కోడలు: అది నిజం. వయ్యారిభామలో ముఖ్యమైన విషం పార్థెనిన్. దాంతోపాటు కెఫీక్, ఫెరూలిక్, వానిలిక్ లాంటి ఆమ్లాలున్నాయి. పార్థెనిన్‌ను మట్టిలో కలిపి కొలిచినవాళ్ళు, తడి నేలలో కొద్ది రోజుల్లోనే సగానికి సగం విరిగిపోతుందని చూపించారు. బంకమన్ను రేణువులు కొన్ని ఆమ్లాలను పట్టి ఉంచుకుంటాయి, విత్తనం దాకా పోనివ్వవు. ఇదంతా నీ పక్షమే. కానీ మామా, మన సేద్యంలో ఒక తిరకాసు ఉంది. కాలువ కింద రైతు నీళ్ళు పెట్టి, దున్ని, మురగనిచ్చి, తీరిగ్గా నాటుకుంటాడు. నువ్వు? వాన పడిన మర్నాడు గొర్రు కడతావు. రెండు మూడు రోజులు దాటితే పదును ఆరిపోతుంది. ఆ గడ్డిని ఏ వాన నానబెట్టిందో ఆ వానకే నీ విత్తనమూ నానుతుంది. శెనక్కాయ పైకి రావడానికి ఒక వారం. విషం బతికుండేదీ ఆ వారమే. నేల దాన్ని తినేస్తుంది, ఒప్పుకుంటాను. తినేలోపు నీ విత్తనం పక్కనే ఉంటుంది.

అప్పటిదాకా ఊరికే వింటున్న నాకు ఈ మాట దగ్గర ప్రాణం లేచి వచ్చినట్టయింది. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది ఎప్పుడు పడుతుందో, ఎన్ని విడతల్లో పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. కలుపు రసాల మీద వచ్చే పరిశోధనల్లో ఎకరానికి ఎంత, నీటికి ఎంత అని చూస్తారు. రైతు విత్తనాన్ని ఏ రోజు వదులుతాడు, ఎందుకు ఆ రోజే వదలాలి అన్నది వాటిలో నాకు పెద్దగా కనబడలేదు. కరువు సీమలో ఆ ఒక్క సంగతే మొత్తం లెక్క మార్చగలదు. ఆ పిల్ల అది పుస్తకంలో చదివి చెప్పలేదు. చిన్నప్పటి నుంచి మామ గొర్రు వెనక నడిచింది గనక చెప్పింది.

మామ: వెంపలి దున్నినప్పుడు, కానుగాకు తొక్కినప్పుడు మా నాయన రెండు మూడు వారాలు ఆగి ఇత్తేవాడు. మురగాల అనేవాడు.

కోడలు: ఆ రెండు మూడు వారాలు వయ్యారిభామకు ఎందుకు ఇవ్వవు?

మామ: ఆయప్ప కాలంలో వాన ఆగనిచ్చేది. ఇప్పుడు నేనాగితే వాన ఆగదు. సరే, నీ రాగుల మాట నమ్మినా, నేనేసేది రాగి కాదు గదా. రాగి ఎంత, శెనక్కాయ ఎంత? శెనక్కాయ పప్పు కడుపులో దాని తిండి అదే పెట్టుకుని పుట్టుంటాది. రాగికి ఏముండాది?

కోడలు: చిన్న గింజలకే దెబ్బ ఎక్కువ, నిజమే. రాగి, కొర్ర, ఆవాలు ముందు పడిపోతాయి. నేను వేరుశెనగ కూడా పెట్టాను. మొలక శాతం పెద్దగా తగ్గలేదు.

మామ: చూస్తివా!

కోడలు: వేరు పొట్టిదైంది.

మామ మాట్లాడలేదు. ఈ నేలలో వేరు పొట్టిదైతే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన పడి పదిహేను రోజులు మొహం చాటేసిన ఏడు, పైన రెండంగుళాలు పిండిలా ఆరిపోయిన ఏడు, అరచేయి లోతున ఉన్న తడిని అందుకున్న మొక్క మిగులుతుంది, అందుకోలేనిది పోతుంది. ప్రయోగశాలలో ఒక సెంటీమీటరు తేడా కాగితం మీద చిన్న గీత. గుమ్మఘట్టలో ఆ సెంటీమీటరు ఒక కుటుంబం ఏడాది తిండి కావచ్చు. కలుపు రసం ముందుగా దెబ్బ కొట్టేది మొలక మీద కాదు, వేరు మీద. ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువసార్లు కనబడేది ఇదే. రసాన్ని ముందు తాకేదీ, తాగేదీ వేరే గదా.

మామ: అయినా నేనొకటి చెప్తా ఇను. కలుపు ఇసం పెట్టి చంపాల్సిన పని లేదు మ్మీ. తాగేసి చంపుతాది. శెనక్కాయ ఏసినంక మొదటి నలభై అయిదు దినాలు సేను శుభ్రంగా ఉంటే పంట నీది, లేకుంటే దానిది. ఊడలు దిగేటప్పుడు కలుపు తీయడానికి కూడా రాదు, మన్ను కదిలిస్తే ఊడలు తెగిపోతాయి. దాహం కనబడేదానికి ఇసం పేరు పెడతాండారు మీరు. వంక పక్క సీమజాలి చెట్లు చూడు, దాని కింద గడ్డి పోచ మొలవదు. మీ సారు వస్తే అదీ ఇసమే అంటాడు. అది నేల లోపల నీళ్ళన్నీ పీల్చేస్తాది, అంతే.

కోడలు: జమ్మిచెట్టు కింద?

మామ: జమ్మి కింద సజ్జ పచ్చగుంటాది. అది అందరికీ తెలుసు.

కోడలు: రెండూ ఒకే కుటుంబం, రెండూ లోతుకు వేర్లు దింపేవే. సీమజాలి మనది కాదు. 1877 ప్రాంతంలో కడప జిల్లాకు జమైకా నుంచి విత్తనం తెప్పించి వేశారు. రెండూ నీళ్ళు తాగుతాయి గదా, ఒకదాని కింద సజ్జ వస్తుంది, ఇంకోదాని కింద గడ్డి రాదు ఎందుకు? దాని ఆకు రసం పోసినా విత్తనాలు మొలవడం తగ్గుతుందని చూపించారు.

మామ: దాని నీడకు మేకలు పండుకుంటాయి. తొక్కీ తొక్కీ, మొలిచింది మేసీ నున్నగా చేస్తాయి. అది మీ లెక్కలో రాసినారా?

కోడలు నవ్వింది. ఓడిపోయిన నవ్వు కాదు, ఎదురుచూసిన మాట వచ్చినందుకు.

కోడలు: ఇది మా క్లాసులో పెద్ద పాఠం మామా. కాలిఫోర్నియాలో కొన్ని పొదల చుట్టూ బారెడు మేర గడ్డి లేకుండా బోసిగా ఉండేది. పొదల ఆకుల నుంచి వచ్చే ఘాటు ఆవిరే విత్తనాలను చంపుతోందని 1960ల్లో గట్టిగా చెప్పారు. అందరూ నమ్మారు. 1970లో బార్తొలొమ్యూ అనే ఆయన ఆ బోసి నేల మీద ఇనుప వలతో గూళ్ళు పెట్టాడు. గూళ్ళ లోపల గడ్డి మొలిచింది. పొదల్లో దాక్కునే ఎలుకలూ కుందేళ్ళూ బయటికి ఎక్కువ దూరం రాలేవు, అందిన మేర మేసేస్తున్నాయి. అంతకాలం విషం అనుకున్నదాంట్లో చాలా భాగం పంటిగాట్లు.

మామ: మరి!

కోడలు: అందుకే నేను సీమజాలి గురించి ఒట్టేసి చెప్పను. మేకల్ని ఆపి, కంచె కట్టి చూసినదాకా చెప్పను. కానీ మేకలు మేశాయి గనక విషం లేదు అని నువ్వూ ఒట్టేయకూడదు. జర్మన్, ఆస్ట్రియా వాళ్ళు ఈ విద్యను చాలా కాలం నుంచి చూస్తున్నారు. మోలిష్ అనే ఆయన 1937లో దీనికి అల్లెలోపతి అని పేరు పెట్టాడు. అప్పటి నుంచీ కొట్లాట ఇదే. మొక్క మొక్కకు హాని చేసింది నిజం. నోటితోనా, దాహంతోనా, రసంతోనా అన్నది తేల్చడమే కష్టం. అమెరికాలో ఒక కలుపు వేరు విడిచే రసం మీద 2003లో పెద్ద పత్రికలో వచ్చిన పరిశోధన 2010లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ నా మాట కొంచెం కలపాలి. వీళ్ళు విషం, దాహం అంటూ రెండే దార్లలో కొట్లాడుతున్నారు. ఈ జిల్లాకు వయ్యారిభామ చేసిన అతి పెద్ద గాయం ఆ రెండు దార్లలోనూ రాలేదు.

2000 సంవత్సరం ముంగారు. శెనక్కాయ చేలల్లో లేత మొవ్వలు ఎండి, కాండం మీద నల్లచారలు దిగి, మొక్కలు నిలువునా చచ్చాయి. మొదట అలవాటైన మొవ్వకుళ్ళే అనుకున్నారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి అది వేరే వైరస్ అని, పొగాకు మీద చారలు తెచ్చే టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. ఒక్క అనంతపురం జిల్లాలోనే సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయల పైమాట. ఆ వైరస్‌కు కాపురం వయ్యారిభామ. ఆ మొక్కలో వైరస్ ఉన్నా పైకి ఏ జబ్బూ కనబడదు, పచ్చగా పూస్తూనే ఉంటుంది. దాని పుప్పొడి గాలికి శెనక్కాయ ఆకు మీద పడుతుంది, తామర పురుగులు కూడా మోసుకొస్తాయి. అవి ఆకును గీకినప్పుడు పడిన గాయాల్లోంచి పుప్పొడిలోని వైరస్ లోపలికి పోతుంది. గుడ్డ మీద, పళ్ళెంలో, ఎన్ని మోతాదులు పోసి చూసినా ఇది కనబడదు. పూత లేని ఎండాకు పొడిలో పుప్పొడి ఎక్కడుంటుంది?

నేను ఇది చెప్పినప్పుడు మామ ముఖం మారింది.

మామ: ఆ ఏడు నాకు గుర్తుంది సార్. మొదట ఎరువు తక్కువైందనుకుంటిమి. మందు కొడితిమి. సేనంతా పోయినంక ఆఫీసర్లు వచ్చి గట్టు మీద గడ్డి పీకమనిరి. గట్టు మీద గడ్డికీ సేన్లో శెనక్కాయకూ ఏం సమ్మంధం అని మేము నవ్వితిమి. నాకు ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొస్తాది.

కోడలు: ఆ తర్వాతే గదా మామా చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేయడం మొదలైంది.

మామ: ఆ, పురుగు దాంట్లో ఆగిపోతాదని. నిజమే, ఏసిన సేన్లో తక్కువుంటాది.

కోడలు: ఆ జొన్న కూడా విషం కక్కేదే. దాని వేరు నూగుల్లోంచి నూనె లాంటి పదార్థం కారుతుంది, సోర్గోలియోన్ అంటారు. పక్కన మొలిచే కలుపు మొక్కలను అణుస్తుంది. పాకిస్తాన్‌లో ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు జొన్న చొప్పను నానబెట్టిన నీళ్ళను కలుపు మీద కొట్టే మందుగా వాడి చూశారు. కాలిఫోర్నియాలో 1977లో ఒక శాస్త్రవేత్త తన పెరట్లో బాటిల్ బ్రష్ చెట్టు కింద కలుపు మొలవకపోవడం గమనించాడు. అందులోని పదార్థం పట్టుకుని మార్చి మార్చి చేసిందే ఇప్పుడు మొక్కజొన్నలో కొట్టే మెసోట్రియోన్. కర్ణాటకలో కసివిందను చల్లి వయ్యారిభామను అణచడం కూడా ఇలాంటిదే. అందుకే ఈ పళ్ళేలను ఊరికే తీసిపారేయొద్దంటున్నాను. ఇవి తీర్పు చెప్పవు, ఎటు చూడాలో చెబుతాయి.

మామ: అట్ల చెప్పు, వింటా. పళ్ళెం చూసి నా సేన్లో జరగబోయేది ఇదే అన్నావు గదా పొద్దున, ఆ మాట నాకు మింగుడుపడలే.

కోడలు: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మామ: కూలి సంగతి కూడా నీకు చెప్పాల. డబ్బు ఒక్కటే కాదు నేను చూసేది. అది పీకేది ఎవరు? మన ఆడోళ్ళు. పోయినసారి పీకినోళ్ళలో మీ అత్తకు మోచేతుల దాకా దద్దుర్లు లేచి, నెల దినాలు గోక్కున్నాది. కండ్లు వాచిపోయినాయి. నేను మళ్ళీ ఆ గడ్డిలోకి ఎవర్నీ పంపలేను మ్మీ. దున్నేస్తే టాక్టరు ఒక్కడే పోతాడు.

అరుగు మీద కాసేపు మాట లేదు. ఆ మాట ముందు చెప్పుంటే తగాదా ఇంతసేపు నడిచేది కాదేమో. కలుపు విషం గింజను ఎంత దెబ్బతీస్తుందో సెంటీమీటర్లలో కొలుస్తాం. పీకే చేతులకు ఏమవుతుందో కొలిచేవాళ్ళు తక్కువ. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతా వయ్యారిభామ నిర్మూలన వారం జరుపుతారు, జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ముందుండి నడిపిస్తుంది. ఆ వారంలో చేతికి తొడుగు లేకుండా ఒక్క మనిషిని కూడా ఆ గడ్డిలోకి దింపకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పూత రాకముందు, తొడుగులు వేసుకుని, తడి నేలలో వేరుతో పీకాలి. ఒక్కో మొక్క 15 వేల నుంచి 25 వేల దాకా విత్తనాలు రాలుస్తుంది. ఎండి రాలిపోయాక పీకినా దక్కేది సగమే. 1955లో పూణేలో కొన్ని మొక్కలుగా కంటపడింది ఇప్పుడు మన గట్టు మీద ఉందంటే కారణం ఆ విత్తనాలే.

కోడలు: సరే మామా. పీకించొద్దు. వేరే అడుగుదాం. మీ చేలో ఎర్రమన్ను తెచ్చి డబ్బాల్లో పోద్దాం. కొన్నిట్లో ఒట్టి మన్ను. కొన్నిట్లో వయ్యారిభామ పొడి, నువ్వు పలక మీద వేసిన లెక్కకే, ఎకరాకు టన్ను. కొన్నిట్లో కుప్ప పడిన చోటి లెక్క. ఇంకొన్నిట్లో పొడితో పాటు బొగ్గుపొడి. బొగ్గు ఆ రసాలను పట్టేసుకుంటుంది. బొగ్గు వేసిన చోట మొక్క తేరుకుంటే అది విషం పనే అని తెలుస్తుంది.

మామ: ఇంకొకటి పెట్టు. జొన్న చొప్ప...

కోడలు: జొన్న వద్దు, దానిలోనూ విషముందని ఇప్పుడే చెప్పాను.

మామ: అయితే వరిగడ్డి. డ్యాము కింద మా బామ్మర్ది దగ్గర తెస్తా. వరిగడ్డి పొడి అంతే తూకం ఏసి చూడు. మన్నులో ఏ చెత్త కలిపినా కొన్ని దినాలు మొక్క పసుప్పచ్చగైతాది, చెత్త కుళ్ళేకి నేలలో బలం అది లాక్కుంటాది. అది చూసి నువ్వు ఇసం అనుకుంటే ఎట్ల?

కోడలు: వరిలోనూ కొద్దిగా ఇలాంటి రసాలుంటాయి. కానీ నువ్వు చెప్పింది న్యాయమే. పొడి బరువుకు పొడి బరువు ఏదో ఒకటి పక్కన ఉండాలి. మేము ఇది పెట్టలేదు.

మామ: నీళ్ళు రోజూ పోస్తావా?

కోడలు: మొక్క వాడితే...

మామ: పోయొద్దు. మన వాన పోసినట్టు పోయి. ఒక్కసారి పదును పట్టేంత పోసి, పది దినాలు దాని పక్కకు పోవద్దు. నేల తడిగా ఉంటే ఏ పొట్టి వేరైనా బతుకుతాది. ఎండబెట్టినప్పుడు గదా ఏది నిలుస్తాదో తెలిసేది.

ఆ పిల్ల నోటుబుక్కు తీసి రాసుకుంటోంది. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. గైడు చెప్పినప్పుడు ఎంత శ్రద్ధగా రాసుకుని ఉంటుందో అంతే శ్రద్ధగా రాసుకుంది.

సాయంత్రానికి పాత పెయింటు డబ్బాలు ఇరవై పోగయ్యాయి. అడుగున మేకుతో చిల్లులు కొట్టారు. మామ చేలోంచి రెండు బస్తాల మన్ను మోసుకొచ్చి జల్లెడ పట్టాడు. శెనక్కాయలు ఒలిచి, నొక్కులు పడినవీ ముడుచుకుపోయినవీ ఏరి పారేసి, డబ్బాకు పది చొప్పున తనే లెక్కపెట్టాడు. కొర్రలు కూడా వేద్దామంటే వేద్దామన్నాడు. కోడలు డబ్బాల మీద సున్నంతో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసి, ఏ డబ్బాలో ఏం కలిపిందో కాగితం మీద రాసుకుంది.

మామ: ఆ కాగితం నీ దగ్గర పెట్టుకోవద్దు. నా దగ్గరా వద్దు.

కోడలు: ఎందుకు?

మామ: నీకు ఇసం ఉందని ఉండాది. నాకు లేదని ఉండాది. మొలక సగం బయటికి, సగం లోపలికి ఉంటే నువ్వు లేదని రాస్తావు, నేను ఉందని రాస్తా. ఏ డబ్బాలో ఏముండాదో తెలియకుండా ఇద్దరమూ లెక్కపెడదాం. నువ్వు రాసింది నువ్వు మర్చిపో. అంకెలు కూడా సారు మళ్ళీ మార్చి వేస్తాడు.

కోడలు లోపలికి వెళ్ళింది. మామ గొడ్ల దగ్గరికి పోయాడు. నేను పాత అంకెలు తుడిచి, డబ్బాలను అటూ ఇటూ మార్చి, కొత్త అంకెలు వేశాను. ఏ పాత అంకెకు ఏ కొత్త అంకె అన్నది ఆ కాగితం వెనక రాసుకున్నాను. చీకటి పడుతుండగా ముగ్గురం కలిసి కొలిచిన నీళ్ళు పోశాం. పడమటి దిక్కున, మొలకాల్మూరు గుట్టల మీద మెరుపులు కనబడుతున్నాయి. మామ వాటినే చూస్తూ, నాలుగెకరాల్లో రెండు మడకల వెడల్పు పట్టీ ఒకటి శుభ్రంగా గుంటక లాగించి వదిలేస్తానని, మిగతాది అట్లే దున్నుతానని, రెండూ పక్కపక్కనే చూద్దామని అన్నాడు.

పదో రోజు మళ్ళీ రమ్మన్నారు. కాగితం నా చొక్కా జేబులో ఉంది.